నడిచినవాళ్ల బంతి

ఆ పొద్దున నా సిరాబుడ్డిలో ఒక చీమ పడింది. కలం మొనతో దాన్ని బయటికి తీసి కాగితం మీద పెట్టాను. కాసేపు కదల్లేదు. తర్వాత నడక మొదలుపెట్టింది. అది వెళ్లినంత మేరా సన్నని నీలిగీత పడింది. కాగితం అంచు రాకముందే గీత ఆగిపోయింది గానీ చీమ ఆగలేదు. దాన్నే చూస్తూ కూర్చున్నప్పుడు వాకిట్లోంచి ఎవరో పిలిచారు. సూర్యాపేట నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు. చేతిలో మడతపెట్టిన చీటీ, దాని మీద నాన్న చేతిరాత. లోపల రెండే మాటలు: అత్తమ్మ పోయింది.

నేను కోదాడలో ఆడపిల్లల బడిలో పనికి చేరి అప్పటికి మూడు నెలలు. చీటీ పుస్తకంలో పెట్టుకొని అదే బస్సు తిరిగి వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాను. వాన వెలిసింది. సూర్యాపేట ఇంకొక మైలు ఉందనగా కిటికీలోంచి ఆ మైలురాయి కనిపించింది. మా అత్తమ్మ రోజూ సాయంత్రం ఆ రాయిదాకా నడిచివెళ్లి, దాన్ని చేత్తో తాకి వెనక్కి తిరిగేది. బస్సు ఆగకుండా దాన్ని దాటిపోయింది.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్లి కాలేదు. మా ఇంట్లోనే ఉండి, గుడి పక్క చిన్నబడిలో పిల్లలకు ఓనమాలు దిద్దించేది. మూడో ఏట వచ్చిన జ్వరం ఆమె ఎడమకాలిని సన్నం చేసి వదిలేసిందట. ఆ కాలు నేల మీద ఆనాలంటే ఎడమచెయ్యి తొడ మీద వేసి నొక్కాలి. అడుగడుగుకీ నొక్కాలి. అందువల్ల ఆమె చీరలన్నీ ఒకేచోట చిరిగేవి. ఏ చీర కట్టినా ఎడమతొడ మీద అరచేయి వెడల్పున అతుకు ఉండేది. కొత్త చీర కొంటే కట్టకముందే అక్కడ లోపలి వైపు గుడ్డ వేసి కుట్టుకునేది.

రాత్రి అన్నాలకు ముందు కాళ్లు కడుక్కునేటప్పుడు కుడికాలికి రెండు చెంబులు పోసేది, ఎడమకాలికి ఒకటి. చిన్నప్పుడు ఎందుకని అడిగాను. దీనికి ఇద్దరి పని పడ్డది గదా బిడ్డా అంది. సూర్యాపేటలో చెప్పులు కుట్టే ముసలాయన ఆమె ఎడమచెప్పుకు అడుగు రెండు వేళ్ల ఎత్తు పెంచి ఇచ్చేవాడు. ఆ జత మా గడప పక్కన ఎప్పుడూ ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా కనిపించేది. ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని చూసి చూపు తిప్పుకునేవాళ్లు. నేనూ తిప్పుకునేదాన్ని. సికింద్రాబాదు కాన్వెంటు నుంచి సెలవులకు వచ్చినప్పుడు నా స్నేహితురాళ్లెవరూ మా ఇంటికి రాకుండా చూసుకున్నాను. ఆమెకు అది తెలుసు.

ఆమె నడకను గురించి చెప్పాలి.

మాఘమాసం చివర మిర్యాలగూడ దగ్గరి గుట్ట మీద మాత పండుగ జరుగుతుంది. సూర్యాపేట నుంచి మావాళ్లు జట్టుగా కాలినడకన పోతారు. దాదాపు నలభై మైళ్లు, నాలుగు రోజులు. మూడో రోజు సాయంత్రం నేరేడుచర్లలో కోదాడ జట్టు వచ్చి కలుస్తుంది. నాలుగో రోజు మూసీ దాటి, పొద్దుగూకేలోగా అందరూ గుట్ట కిందికి చేరతారు. చెప్పులు వేసుకోకూడదు. బియ్యం, గిన్నెలు, నడవలేనివాళ్ల కోసం వెనక ఒక ఎడ్లబండి వస్తుంది. ఎవరైనా బండెక్కవచ్చు, తప్పు లేదు. కానీ గుట్ట కింద అన్నం దగ్గర రెండు బంతులు వేస్తారు. మొదటిది నడిచినవాళ్లది. రెండోది బండిలో వచ్చినవాళ్లది. దారిలో ఒక్కసారి, ఒక ఫర్లాంగు బండెక్కినా రెండో బంతిలోనే కూర్చోవాలి. మొదటి బంతిలో కూర్చునేవాళ్లను, ఫాదరు లేనప్పుడు గుడిలో జపం చెప్పించే మా ఉపదేశి తాత పేరుపేరునా పిలుస్తాడు. ఆయన జట్టుకు పెద్ద. పేరు పిలవనిదే ఎవరూ కూర్చోరు. ఇంకొక ఆచారం కూడా ఉంది. పదేళ్లు నడిచినవాళ్లు ఆ యేడు బంతిలో కూర్చోకుండా, నిలబడి అందరికీ మొదటి గంటె వడ్డిస్తారు.

మొదటిసారి అత్తమ్మ పేరు ఇచ్చినప్పుడు జట్టులో చాలామంది నవ్వారట. కొందరు జాలిపడ్డారు. కాలు బాగుకావాలని మొక్కుకుందేమో అనుకున్నారు. ఆ మాట ఆమెను చివరిదాకా వదల్లేదు. ప్రతి యేడూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు, మాత ఏమైనా కరుణించిందా అని. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే.

"కాలు బాగ్గావాల్నని కాదు. కాలున్నదని నడుస్తున్న."

ఆమె అందరికంటే ముందు లేచేది. కోడి కూయకముందే ఒక్కతే బయలుదేరేది. జట్టు ఆమెను దారి మధ్యలో అందుకొని దాటిపోయేది. మజిలీకి అందరికంటే ఆఖరున చేరేది. నిదానంగా నడుస్తావని ఎవరైనా అంటే, మీకంటే ఎక్కువసేపు నడుస్తా, అంతే గదా అనేది. ఎత్తుచెప్పులు ఊరి పొలిమేరలోనే తీసి బండిలో పెట్టేది. చెప్పులు బండ్ల పోతయి, నేను పోను అని బండివాడికి అప్పగించేది.

దారిలో ఊళ్ల పిల్లలు ఆమె వెనక చేరి తొడ మీద చెయ్యి వేసుకొని కుంటుతూ నడిచేవాళ్లట. ఆమె తిరిగి చూసి, చెయ్యి ఇంకా జర కిందికి పెట్టాలె అని సరిదిద్దేదట. వాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు. కోపమంతా మొక్కేవాళ్ల మీద. రానురాను జట్టులోని ఆడవాళ్లు ఆమెను దాటిపోయేటప్పుడు ఆమె కాలికి మొక్కి కళ్లకద్దుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి ఒకామె వంగి ఎడమపాదం పట్టుకునేసరికి అత్తమ్మ తూలి దుమ్ములో కూలబడింది. పడ్డచోటు నుంచే అందట:

"మొక్కుడు మాతకు మొక్కుర్రి. నన్ను నిలబడనియ్యుర్రి."

ఇంటికి వచ్చాక అమ్మతో ఇంకొక మాట అంది. నేను పక్కగదిలో చదువుకుంటూ విన్నాను. "గా పిల్లలు నా నడక సూసిండ్రు మరదలా. వీళ్లు నా కాలే సూస్తున్నరు."

తొమ్మిదిసార్లు ఆమె నడిచి చేరింది. తొమ్మిదిసార్లు మొదటి బంతిలో కూర్చుంది. తర్వాత రజాకార్ల గొడవలు వచ్చాయి. రెండేళ్లు ఎవరూ రోడ్డెక్కలేదు, జట్టు లేదు, పండుగ లేదు. ఆ రెండేళ్లలో ఆమె కుడిమోకాలు వాచింది. ఒక కాలు ఇద్దరి పని చేసిందని నేను ముందే రాశాను. దవాఖానలో డాక్టరు ఇక మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. సరేనని తలూపి వచ్చి, ఆ సాయంత్రమే మైలురాయిదాకా వెళ్లింది.

యూనియన్ సైన్యం వచ్చి దారులు తెరుచుకున్నాక, ఈ యేడు మళ్లీ జట్టు కడుతున్నారని తెలిసింది. ఆమె సంక్రాంతికి ముందు నుంచే నడవడం పెంచింది. మండికి ధాన్యం తోలుకుపోయే బండ్లవాళ్లు మొదట్లో ఎక్కమ్మా ఎక్కమ్మా అని ఆపేవాళ్లు. కొన్నాళ్లకు అడగడం మానేశారు. ఎద్దులను నెమ్మది చేసి, ఆమె పక్కనే బండి పోనిస్తూ ఊసులు చెప్పుకుంటూ పోయేవాళ్లు. అట్లా నాలుగు బండ్లు ఒకదాని వెనకొకటి ఆమె నడకతో నడవడం నేను చూశాను.

ఒకరోజు ఇత్తడి గంటెను చింతపండుతో తోముతూ కనిపించింది. మా ఇంట్లో పెద్దపండుగకు తప్ప తీయని గంటె అది. ఎందుకని అడిగాను.

"పదోసారి గదా బిడ్డా. ఈసారి నేను పెడత." కాసేపు తోమి మళ్లీ అంది. "ఇన్నేండ్లల్ల నాకు పెట్టేటోళ్లే. నాతోని పెట్టించుకునేటోళ్లు ఎవలున్నరు?"

ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. నేను కూడా వస్తానన్నాను. అప్పటికి చదువు అయిపోయి ఇంట్లో ఊరికే ఉన్నాను. ఆమెకు తోడుగా ఉండాలనుకున్నాను. కాన్వెంటులో సిస్టరమ్మలు మాకు దయను గురించి చాలా చెప్పారు. దాన్ని ఎక్కడైనా ఉపయోగించాలని నాకు తొందరగా ఉండేది.

మూడు రోజులు బాగానే గడిచాయి. ఆమె ముందు బయలుదేరేది, నేనూ వెంట బయలుదేరేదాన్ని. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. పొలాల్లో మంచు ఉండేది. ఆమె చెయ్యి తొడ మీద పడే చప్పుడు అడుగడుగుకీ వినబడేది, గుడ్డ దులిపినట్టు. రెండో రోజుకు ఆ చప్పుడు వినబడకపోతే నాకే తోచలేదు.

నేరేడుచర్లలో బియ్యం మిల్లు ముందున్న కళ్లంలో దిగాం. కోదాడ జట్టు అప్పటికే వచ్చి ఉంది. మేము చేరేసరికి పొద్దుపోయింది. అందరూ అన్నాలు తినకుండా కూర్చున్నారు. కోదాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి వచ్చి అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. మంచి మనిషే.

"నీకెందుకమ్మా ఈ బాధ? రేపు మూసీ దాటాలి. హాయిగా బండెక్కు. నిన్ను చూస్తుంటే మాకు ముద్ద దిగట్లేదు."

"ముద్ద దిగకపోతే నన్ను సూడకు అక్కా" అంది అత్తమ్మ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దావిడ కూడా నవ్వింది. కానీ ఆ తర్వాత వాళ్లలో వాళ్లకు చిన్న వాదన నడిచింది. ఆమె కోసం నలభైమంది ఆగాలా అని కొందరు. ఆమె వల్లనే మన నడకకు పుణ్యం అని కొందరు. అత్తమ్మ వినబడనట్టు కాళ్లు కడుక్కుంది. కుడికాలికి రెండు చెంబులు. మోకాలు కుండంత వాచి ఉంది. ఉపదేశి తాత చివరికి అన్నాడు, పొద్దుగూకేలోపల నడిచి వస్తే నడిచినోళ్లే, ఎవలకైనా ఒకటే ఖాయిదా అని. ఆమె ఆయనకు దండం పెట్టింది. ఆమె ఎవరికైనా దండం పెట్టడం నేను అప్పుడే చూశాను.

మరుసటి రోజు పొద్దెక్కాక మూసీ దగ్గరికి వచ్చాం. బండి, జట్టు మమ్మల్ని అక్కడే అందుకున్నాయి. నీళ్లు ఎక్కువ లేవు. ఒడ్డు పొడవునా ఇసుక, నడుమ మోకాలిలోతు పాయ. ఇసుకలో ఆమె పద్ధతి పనిచేయదు. చేత్తో నొక్కినకొద్దీ కాలు దిగిపోతుంది. ప్రతి యేడూ ఆమె బండి వెనక అడ్డదుంగ పట్టుకొని, బండితో పాటు నడుస్తూ దాటేదట. పట్టుకోవడం తప్పు కాదు, ఎక్కడమే తప్పు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె నాకు ముందురోజే చెప్పింది.

పాయ మధ్యకు వచ్చేసరికి ఆమె కుడిమోకాలు మడతపడింది. నీళ్లలో నడుముదాకా కూలబడింది. దుంగ మాత్రం వదల్లేదు. బండివాడు ఎద్దులను ఆపాడు. ఆమె లేవడానికి చూస్తోంది. పెదవులు నల్లబడ్డాయి, చీర నీళ్లలో పరుచుకొని కాళ్లకు చుట్టుకుంటోంది. ఆగుర్రి, లేస్తున్న, లేస్తున్న అంటోంది. నిజంగానే లేచేదేమో. ఇంకొంచెం సేపు ఆగి ఉంటే తెలిసేది.

నేను ఆగలేదు. నాకు ఏడుపు వచ్చింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లను పిలిచాను. బండిలోకి ఎక్కించండి అన్నాను.

"వద్దు బిడ్డా" అంది ఆమె. కేక వేయలేదు. మామూలుగానే అంది. "వద్దన్న గదా."

ముగ్గురం చంకల కింద చేతులు వేసి ఎత్తాం. ఆమె చాలా తేలికగా ఉంది. బియ్యం మూటల మధ్య కూర్చోబెట్టాం. ఎత్తేముందు దుంగ మీది నుంచి ఆమె వేళ్లు నేనే విడదీశాను. బండి కదిలి అవతలి ఒడ్డు చేరింది. ఒడ్డు రాగానే దిగి, చీర పిండుకొని, తొడ మీద చెయ్యి వేసి నడవడం మొదలుపెట్టింది. మిగిలిన దారంతా నడిచింది. పొద్దుగూకడానికి ఇంకా కొంత ఉండగానే గుట్ట కిందికి చేరింది. ఒక మనిషికి సాయం చేశానని నేను తేలిక మనసుతో ఉన్నాను. అది చెప్పకపోతే అబద్ధం అవుతుంది.

చింతచెట్ల కింద విస్తళ్లు వేశారు. ఉపదేశి తాత మొదటి బంతి దగ్గర నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పదేళ్లవాళ్లను ముందు పిలుస్తారు. ఆ యేడు పదేళ్లు నిండేది అత్తమ్మకు ఒక్కతికే. ఆమె గుడ్డలో చుట్టిన గంటెను చంకలో పెట్టుకొని కొంచెం ఎడంగా నిలబడి ఉంది. తాత ఆమె వైపు చూశాడు. ఆయన జట్టుకు ముందు నడిచాడు, మూసీ దగ్గర జరిగింది చూడలేదు. ఆమె పేరు నోటిదాకా వచ్చింది. అప్పుడు వెనక నుంచి కోదాడ పెద్దావిడ, చెడ్డతనంతో కాదు, నిజం చెప్పాలి గనుక చెప్పినట్టు, ఆమె మూసీలో బండెక్కిందిగా అంది.

తాత అడిగాడు. "ఎక్కినవా చెల్లె?"

"ఎక్కిన" అంది అత్తమ్మ.

ఎక్కించారు అనలేదు. నా వైపు చూడలేదు. నేను నోరు తెరవలేదు.

అప్పుడు అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. పోనీయుర్రి అన్నారు. పాపం అన్నారు. ఆమె అంత నడిస్తే మనం నాలుగింతలు నడిచినట్టే అన్నారు. ఎవరో ఆమెను చెయ్యి పట్టుకొని బంతి దగ్గరికి తీసుకురాబోయారు. తాత కూడా ఆ వైపే మొగ్గుతున్నట్టు కనిపించాడు. నిన్న ఎవరికైనా ఒకటే ఖాయిదా అన్నది ఆయనే.

"నాకు వేరే ఖాయిదా పెట్టకుర్రి" అంది అత్తమ్మ.

ఆమె వెళ్లి రెండో బంతిలో, ఒక ముసలామెకూ ఒక చూలాలికీ నడుమ కూర్చుంది. గంటెను చీరకొంగు కింద పెట్టుకుంది. తాత మిగతా పేర్లు పిలిచాడు. నా పేరు కూడా పిలిచాడు. మొదటి గంటె ఆయనే వడ్డించాడు. నేను తిన్నాను. ఆకలిగా ఉంది.

తిరుగు ప్రయాణానికి నియమం లేదు. బస్సులో వచ్చాం. సగం దారిలో ఆమె నన్ను అడిగింది, నేను వద్దన్నది నీకు వినబడ్డదా బిడ్డా అని. వినబడింది అన్నాను. ఆమె తలూపింది. ఇంకేమైనా అంటుందని చాలాసేపు చూశాను. కిటికీలోంచి చూస్తూ, ఈసారి కంది బాగ పండింది అంది.

ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. జూన్‌లో నాకు కోదాడ బడిలో పని దొరికితే, బస్సు దాకా వచ్చి సాగనంపింది. వచ్చే యేడు నేరేడుచర్లలో నువ్వు కోదాడ జట్టుతోని రా, నేను సూర్యాపేట జట్టుతోని వస్తా, అక్కడ కలుద్దాం అంది. ఎవరు ముందు చేరతారో చూద్దాం అంది. వానల్లో తడిసి జ్వరం తెచ్చుకుంది. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. అయిదు రోజులు. నాకు కబురు చేయొద్దని ఆమే చెప్పిందట, కొత్త పని, సెలవు పెట్టవద్దని.

నేను ఇంటికి చేరేసరికి వాకిలి నిండా జనం. నడక జట్టువాళ్లు చాలామంది వచ్చారు. మిర్యాలగూడ నుంచి కూడా వచ్చారు. పుణ్యాత్మురాలు అంటున్నారు. కాలు లేకున్నా నడిచింది అంటున్నారు. ఆమెకు కాలు ఉంది. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. ఆడవాళ్లు వచ్చి ఆమె ఎడమపాదానికి మొక్కుతూనే ఉన్నారు. ఇప్పుడు వద్దనేవాళ్లు లేరు. కోదాడ పెద్దావిడ సాయంత్రం బస్సులో వచ్చి, మా అమ్మ పక్కన కూర్చొని వెక్కివెక్కి ఏడ్చింది.

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక ఉపదేశి తాత నన్ను పక్కకు పిలిచాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ దినం నేను ఆమె పేరు పిలువాల్సింది బిడ్డా. పాపమని పిలిస్తే ఆమె కూసోదు. పిలువకపోతే నా మనసు ఒప్పలే. నాకేం జెయ్యాల్నో తెల్వలే." నా వైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నవ్ గదా. నువ్వన్న జెప్పు. నేను జేసింది న్యాయమేనా?"

నాకు తెలియదన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. ఆయనకు అప్పుడే చెప్పవలసినది ఒకటి ఉంది. నాకు నోటితో చెప్పడం చేతకాదు. ఆయనకు ఇప్పుడు అక్షరాలు ఆనవు, రాస్తే ఎవరైనా చదివి వినిపిస్తారు.

మూసీలో ఆమెను ఎక్కించాక నేనూ బండెక్కాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆమె పక్కన, బియ్యం మూట మీద కూర్చొని, తడిసిన పరికిణీ పిండుకుంటూ అవతలి ఒడ్డుదాకా వచ్చాను. అందరూ చూశారు. నన్నెవరూ అడగలేదు.